నూరు విస్తళ్ళ పెండ్లి విందు

పెండ్లి నిశ్చయమైన ఇంట మొదట బంగారము లెక్కకు వచ్చును. పిదప బట్టలు, అటుపిమ్మట మండపము, మేళము. భోజనముల మాట చిట్టచివరకు వచ్చును. అప్పటికి చేతనున్న సొమ్ము చాలవరకు వ్యయమై యుండును గనుక, విందు అప్పుతో జరుగును. అప్పు చేసి పప్పుకూడు అని మన పెద్దలు ఎవరిని పరిహసించిరో గాని, నేటి సామాన్య గృహస్థుని పెండ్లి భోజనమునకు ఆ మాట అక్షరాల వర్తించుచున్నది. పప్పుకూడు ఒక్క పూటతో జీర్ణమగును. వడ్డీ మాత్రము పిల్ల కాపురమునకు పోయి, మొదటి పండుగకు అల్లునితో పుట్టింటికి వచ్చిన నాటికిని తీరదు.

నూరుమంది అతిథులకు, అప్పు లేకుండ, ఎవ్వరును ఆకలితో లేవకుండ, మధ్యాహ్న భోజనము పెట్టుట సాధ్యమే. దానికి కావలసినది పిసినారితనము కాదు. పదార్థముల సంఖ్య తగ్గించి, ప్రతి పదార్థమును మారు వడ్డనకు చాలినంత చేయుట యొక్కటే మార్గము. మన ఇండ్లలో జరుగుచున్నది దీనికి సరిగా విరుద్ధము. ఇరువది రకములు వండించి, మూడవ పంక్తికి వచ్చునప్పటికి అందు పదునాలుగు రకములు లేవనిపించుకొందుము. మొదటి పంక్తిలో కూర్చుండిన మగపెండ్లివారు మెచ్చుకొందురు. కడపంక్తివారు చారన్నము తిని, మాటాడక లేచి పోవుదురు. ఇంటి పరువు నిలిచినదో పోయినదో ఆ కడపంక్తివారికి తెలియును.

మొట్టమొదట తలల లెక్క తేలవలెను. 1957లో విడుదలయిన ‘మాయాబజార్’ చిత్రములో ఘటోత్కచ పాత్రధారి ఎస్.వి. రంగారావుగారు పెండ్లివారి పదార్థములన్నియు ఒంటరిగా ఆరగించు ఘట్టము చూచి నవ్వని తెలుగువారుండరు. సరకుల పట్టీ వ్రాయునపుడు మాత్రము ప్రతి అతిథియు ఘటోత్కచుడే యని మనము భయపడుదుము. పిలుపు ఇంటిల్లిపాదికా, ఇంటి కొకరికా యన్నది పిలుచునపుడే స్పష్టముగా చెప్పవలెను. బొట్టు పెట్టి పిలిచిన ఇండ్ల పేర్లు ఒక కాగితముపై వ్రాసి, ఒక్కొక్క ఇంటికి ఎదురుగా ఎందరు రాగలరో వేసికొని, చిన్నపిల్ల లిద్దరిని ఒక విస్తరిగా లెక్కించిన చాలును.

ఈ లెక్కలో మనవారు సాధారణముగా విడిచిపెట్టువారు కొందరున్నారు. పందిరి వేసినవారు, సన్నాయివారు, వంటవారు, వారి సహాయకులు, నీళ్ళు మోసినవారు, పెండ్లివారిని తెచ్చిన బస్సు నడుపువారు. నూరుమంది పెండ్లికి వీరే పదునైదుమంది యగుదురు. వీరు కడపట తినువారు గనుక పట్టీలో మొదట వ్రాయవలసినది వీరినే. ఇచట నూరు విస్తళ్ళన్నపుడు వీరిని కూడ కలిపియే చెప్పుచున్నాము.

ఇక ఏమి వండవలెను? వేసవి ముహూర్తములే మనకు ఎక్కువ కావున ఆ కాలమునకు తగినట్లు ఆలోచింతము. మామిడికాయ పప్పు, వంకాయ కూర, పులిహోర, బూరెలు, గోంగూర పచ్చడి, గుమ్మడికాయ ముక్కల పులుసు, పెరుగు, అప్పడము. అన్నమును నేతిని విడిచి ఎనిమిది. ఇందు రెండవ కూర లేదు, వేపుడు లేదు, రెండవ మిఠాయి లేదు. పెద్ద ముత్తయిదువలు కొందరు ముఖము చిన్నబుచ్చుకొందురు. చిన్నబుచ్చుకొన నిండు.

సొమ్ము ఎచట పోవుచున్నదో చూచిన ఈ ఏర్పాటులోని న్యాయము బోధపడును. బియ్యము, పప్పు, చింతపండు అను వానితో ఏ గృహస్థుడును చితికిపోలేదు. నెయ్యి, నూనె, పాలు, జీడిపప్పు, అంగడి మిఠాయి అను అయిదే విందును అప్పులోనికి దింపును. అంగటి నుండి తెచ్చిన రెండవ మిఠాయి ఖరీదు తరచుగా ఆ దినపు బియ్యము మొత్తము ఖరీదును మించును. దానిని సగము కొరికి సగము ఆకులో విడిచినవారే ఎక్కువ. వేపుడు సంగతియు ఇంతే. పది కిలోల కాయగూర నూనెలో వేగి నాలుగు కిలోలయి, మొదటి పంక్తితోనే అడుగంటును. పులుసులో వేసిన ముక్క ఏమియు తరుగదు, పైగా అన్నమును కలుపుకొని పోవును.

పరిమాణములు చెప్పెదము. మెట్రిక్ తూనికల చట్టము వచ్చినది 1956లో నైనను, పాత వంటవారి నోట ఇంకను వీశెలే వినవచ్చును. వీశె యనగా సుమారు 1.4 కిలోలని జ్ఞప్తి యుంచుకొని, వారి లెక్కను మన లెక్కతో సరిచూచుకొనవలెను. నూరు విస్తళ్ళకు అన్నమునకు 12 కిలోల బియ్యము, పులిహోరకు 3 కిలోలు. కిలో బియ్యము వండిన రెండున్నర కిలోలకు తక్కువ గాకుండ అన్నమగును. పులిహోర, బూరె తిన్నవారికి ఈ పాలు ధారాళముగా సరిపోవును. పప్పునకు కందిపప్పు 3 కిలోలు. ఒకటే కూర గనుక వంకాయలు 10 కిలోలు, పులుసునకు గుమ్మడికాయ 5 కిలోలు. పులుసు ముక్కలతో చిక్కబడును గనుక అందులో పప్పు వేయ నక్కరలేదు. పెరుగునకు 12 లీటర్ల పాలు. నెయ్యి ఒక కిలో. తల కొకటికి రెండు చిన్న చెంచాల చొప్పున అది సరిగా చాలును. అయితే నేతి గిన్నె ఇంటి పెద్దల చేతిలోనే ఉండవలెను. ఉత్సాహవంతులగు కుర్రవారి చేతికిచ్చిన కిలో నెయ్యి నలువది విస్తళ్ళతో సరి.

బూరెల గూర్చి కొంచెము విపులముగా చెప్పవలసియున్నది. తల కొకటికి రెండు చొప్పున రెండు వందల బూరెలకు 3 కిలోల శనగపప్పు, అంతే బెల్లము, పైతోపునకు ముప్పాతిక కిలో మినపపప్పు, ఒకటిన్నర కిలో బియ్యము కావలెను. నిమ్మకాయంత పూర్ణము చాలును. నారింజకాయంత చేయుట మర్యాద యనుకొందురు గాని, అంత పెద్దది లోపల చల్లగానే ఉండిపోయి పైన మాడును. వేసవిలో పిండి వేగముగా పులియును. పులిసిన పిండిలో ముంచిన బూరె నూనె త్రాగి, పగిలి, మూకుడంతయు పాడుచేయును. కావున పప్పును బియ్యమును రాత్రి నానవేసి తెల్లవారుజామున రుబ్బవలెను. పూర్ణము బాగుగా దగ్గరపడువరకు ఉడికించి, ఆరబెట్టి, పలుచని గుడ్డ కప్పి యుంచవలెను. బూరెలు వేయించగా మిగిలిన నూనెను వడగట్టి పులిహోర పోపునకు వాడుకొనిన వేరుగా నూనె కొననక్కరలేదు. చేతులు చాలని ఇంట బూరెలు మాని చక్రపొంగలి చేసికొనుట మేలు. దానికి ఒక గుండిగయు, కలుపుటకు ఒక్క మనిషియు చాలును.

వంటపాత్రలు అద్దెకు తెచ్చునపుడు లోపలికి తొంగిచూడవలెను. కళాయి పోయిన ఇత్తడి గుండిగలో పులుసు కాచిన, చింతపండు పులుపు లోహమును కరగించి పులుసునకు చిలుము రుచి పట్టించును. కడుపులో వికారమును పుట్టించును. అట్టి గుండిగ అన్నమునకు వాడుకొని, పులుసును స్టీలు పాత్రలో కాచవలెను.

అన్నము విషయమై మరియొక జాగ్రత్త యున్నది. పందిరి క్రింద గోరువెచ్చగా గంటల తరబడి రాశి పోసియుంచిన అన్నములో ఒక విధమగు సూక్ష్మజీవి పెరుగును. దాని బీజములు ఉడుకునకు చావవు. అది పుట్టించు విషము మరల వేడిచేసినను నశింపదు. పెండ్లి భోజనము వికటించినదని వినునపుడు మనము సాధారణముగా కూరను తిట్టుదుము గాని, తప్పు తెల్లనన్నముది కావచ్చును. పొగలు గ్రక్కుచున్న అన్నమునే పంక్తికి తేవలెను. పులిహోరకు పులుపు గలదు గనుక కొంతసేపు నిలుచును. కొబ్బరి పచ్చడి ఎండవేళకు చెడును. గోంగూరను మేము ఎన్నుకొనుటకు కారణ మదియే. పెరుగునకు ముందటి రాత్రి చాల ఆలస్యముగా తోడు పెట్టవలెను. సాయంకాలమే తోడుపెట్టిన పెరుగు వడ్డన వేళకు పుల్లని మజ్జిగ యగును.

ఈ జాగ్రత్తకును పొదుపునకును పనికివచ్చు ఉపాయ మొకటి యున్నది. పండ్రెండు కిలోల బియ్యమును ఒక్కమారు వార్చరాదు. తొలుత అయిదు, పిదప నాలుగు వండవలెను. చివరి మూడు కిలోలను కడుగక, మూటలోనే యుంచి, పొయ్యి మీద ఎసరు మాత్రము మరగనీయవలెను. కడపటి పంక్తికి ముందు పంక్తి కూర్చుండగానే ఒకరు పందిరి చుట్టివచ్చి, తినవలసినవారు ఎందరున్నారో లెక్కించి, ఆ లెక్కకే బియ్యము కడిగి పోయవలెను. పంక్తి లేచి, ఆకులు తీసి, నేల తుడిచి, మరల ఆకులు వేయులోపల అన్నము సిద్ధము. కడపంక్తికి మొదటి పంక్తికన్న వేడి అన్నము దొరకును. కూర, పప్పు, బూరెలు మాత్రము అట్లు అప్పటికప్పుడు చేయ వీలుకాదు గనుక, మొదటి పంక్తికి తీయకముందే నాలుగింట ఒక పాలు వేరు గిన్నెలలో తీసి, వంటయింటి తలుపు వెనుక ఉంచి, ఇంటి పెద్దావిడ కావలి యుండవలెను.

వడ్డనలో చేయి బిగించుట వేరు, కొలత తెలిసి వడ్డించుట వేరు. మొదటిసారి కొద్దిగా వేసి, మారు వడ్డనకు నవ్వు ముఖముతో రెండుమార్లు వచ్చి అడిగినచో అతిథి కడుపునిండ తినును, ఆకులో ఏమియు మిగులదు. ఒక్కమారే కుప్పవోసిన సగము పారవేయవలసి వచ్చును. పులిహోర, బూరె, పప్పు మొదటనే పడవలెను. పులుసు గిన్నె రెండవమారు తిరుగక ముందే పెరుగు తెచ్చువారు అతిథులను తరుముచున్నవారి వలె కనబడుదురు. వడ్డించువాడు మనవాడైన కడపంక్తి నైనను ఒకటే యని సామెత. ఆ సామెత నిజమగుచున్నంత కాలము వడ్డనలో పక్షపాత మున్నట్లే. అందుచేత ఇరువైపుల బంధువులలో నుండి చెరి ముగ్గురిని వడ్డనకు ఏర్పరచుట మేలు.

నేడు పట్టణములలో తల కింతయని క్యాటరింగువారికి ఒప్పగించుట పరిపాటి. వారికి ఒప్పగించినను ఈ లెక్క వృథా కాదు. వారి పట్టీలో రకములు కొట్టివేసి తల ధర తగ్గింపుమని అడుగుటకు గృహస్థునకు హక్కు గలదు; అడుగక సిగ్గుపడువారే ఎక్కువ. నిలుచుండి తిను బఫేలో అతిథి తానే వడ్డించుకొనును గనుక పారవేయునది తగ్గునని కొందరందురు. మేము చూచినంతలో, మరల వరుసలో నిలువవలెనను భయముచేత అందరును పళ్ళెము నింపుకొనుచున్నారు.

ఈ ఖర్చంతయు ఆడపెండ్లివారిదే యను ఆచారమును గూర్చియు ఒక్క మాట. రెండిండ్ల బంధువులు తిను భోజనమునకు రెండిండ్లవారును సొమ్ము వేసికొనుటలో లోపమేమియు లేదు. తాంబూలముల నాడే ఈ మాట అనవలెను, పెండ్లి ముందటి వారము కాదు. 1960వ దశకమున ఆహారపు కొరత దినములలో విందులకు వచ్చు అతిథుల సంఖ్యకే హద్దు విధించు ఉత్తర్వులు దేశమున పలుచోట్ల ఉండెను. 1965లో ప్రధాని లాల్ బహదూర్ శాస్త్రిగారు వారమున కొక పూట భోజనము మానుడని ప్రజలను కోరిరి. ఆ సంవత్సరములలో కొలది ఆకులతో జరిగిన పెండ్లిండ్ల దంపతులు నేడు మునిమనుమలను ఎత్తుకొనుచున్నారు.

కడపటి పంక్తిలో ఇంటి యజమానియు ఆయన భార్యయు సన్నాయివారి ప్రక్కనే కూర్చుండి భోజనము చేయుదురు గాక. ఆ ఆకులలో ఏమి పడినదో వారి కళ్ళకే తెలియును. ఎసట పోయక మూటలో మిగిలిన బియ్యము మరునాడు తిరిగి డబ్బాలోనికి పోవును.