నర్సింగ్ సీటుకు సన్నాహం పదో తరగతి తర్వాతే మొదలు

నర్సింగ్ కళాశాలకు దరఖాస్తు చేసేది ఇంటర్మీడియట్ పూర్తయిన తర్వాత. అయితే ఆ దరఖాస్తుకు అర్హత ఉంటుందా లేదా అన్నది అంతకు రెండేళ్ల ముందే, పదో తరగతి తర్వాత గ్రూపు ఎంచుకున్నప్పుడే చాలావరకు తేలిపోతుంది. ఏ సబ్జెక్టులు చదవాలి, ఎన్ని మార్కులు రావాలి, వేరే గ్రూపు చదివినవారికి ఉన్న దారులేమిటి అన్నది ముందే తెలుసుకుంటే విలువైన విద్యా సంవత్సరం వృథా కాకుండా చూసుకోవచ్చు.

బీఎస్సీ నర్సింగ్‌కు అర్హతలు

నర్సింగ్ విద్యకు దేశవ్యాప్త ప్రమాణాలను ఇండియన్ నర్సింగ్ కౌన్సిల్ నిర్ణయిస్తుంది. నాలుగేళ్ల బీఎస్సీ నర్సింగ్‌లో చేరాలంటే ఇంటర్ లేదా పన్నెండో తరగతిలో ఫిజిక్స్, కెమిస్ట్రీ, బయాలజీ చదివి, ఆ మూడింటిలో కలిపి కనీసం 45 శాతం మార్కులు సాధించాలి. ఎస్సీ, ఎస్టీ అభ్యర్థులకు 5 శాతం సడలింపు ఉంది. ఇంగ్లీష్‌లో విడిగా ఉత్తీర్ణులు కావాలి. ప్రవేశం పొందే ఏడాది డిసెంబర్ 31 నాటికి 17 ఏళ్లు నిండాలి.

ఈ సబ్జెక్టులను తప్పనిసరి చేయడానికి కారణం పాఠ్యప్రణాళికలోనే ఉంది. తొలి సెమిస్టర్‌లోనే శరీర నిర్మాణ శాస్త్రం, శరీర ధర్మశాస్త్రం, రెండో సెమిస్టర్‌లో జీవ రసాయన శాస్త్రం, పోషకాహార శాస్త్రం బోధిస్తారు. ఇంటర్ స్థాయి పునాది లేనివారికి ఇవి భారమవుతాయి.

మార్కుల లెక్కలో మెలిక

మొత్తం శాతం బాగుంటే చాలని అనేకమంది భావిస్తారు. తెలంగాణ ఇంటర్ బైపీసీలో ఇటీవలి వరకు అమల్లో ఉన్న విధానం ప్రకారం మొత్తం 1,000 మార్కుల్లో సైన్స్ సబ్జెక్టులవి 600, భాషలవి 400. ఒక విద్యార్థికి భాషల్లో 360, సైన్స్‌లో 260 వస్తే మొత్తం 62 శాతం అవుతుంది. అయినా సైన్స్‌లో 45 శాతానికి అవసరమైన 270 మార్కులు రానందున జనరల్ కోటాలో అర్హత దక్కదు. అందువల్ల మొదటి సంవత్సరం ఫలితాలు రాగానే సైన్స్ మార్కులను విడిగా లెక్కించుకోవాలి. తక్కువగా ఉంటే ఇంప్రూవ్‌మెంట్ అవకాశాన్ని వినియోగించుకోవాలి.

కొన్ని సంస్థల నిబంధనలు మరింత కఠినం. ఎయిమ్స్‌లో బీఎస్సీ ఆనర్స్ నర్సింగ్‌కు 55 శాతం, ఎస్సీ, ఎస్టీలకు 50 శాతం మార్కులు ఉండాలి. సాయుధ దళాల నర్సింగ్ కళాశాలల్లో మహిళలకు ఉద్దేశించిన సీట్లకు రెగ్యులర్ విద్యార్థినిగా, మొదటి ప్రయత్నంలోనే 50 శాతం మార్కులతో ఉత్తీర్ణత, నీట్ స్కోరు అవసరం. ఒక్క సబ్జెక్టు సప్లిమెంటరీలో పాసైనా ఈ అవకాశం చేజారుతుంది.

వేరే గ్రూపు చదివితే

బైపీసీ చదవనివారికి తలుపులు పూర్తిగా మూసుకుపోవు. మూడేళ్ల జీఎన్ఎం డిప్లొమాకు సైన్స్ విద్యార్థులకు ప్రాధాన్యం ఉన్నా, ఆర్ట్స్ గ్రూపుల వారూ అర్హులే. ఇంటర్‌లో 40 శాతం, ఇంగ్లీష్‌లోనూ 40 శాతం మార్కులు ఉండాలి. జీఎన్ఎం పూర్తిచేసి రాష్ట్ర నర్సింగ్ కౌన్సిల్‌లో పేరు నమోదు చేసుకున్నవారు రెండేళ్ల పోస్ట్ బేసిక్ బీఎస్సీ ద్వారా డిగ్రీ పొందవచ్చు. అంటే నాలుగేళ్లకు బదులు ఐదేళ్లు పడుతుంది.

ఉద్యోగాల్లోనూ తేడా ఉంది. ఎయిమ్స్ నర్సింగ్ ఆఫీసర్ నియామకాల్లో జీఎన్ఎం అభ్యర్థులకు కనీసం 50 పడకల ఆసుపత్రిలో రెండేళ్ల అనుభవం కావాలి. బీఎస్సీ వారికి ఆ షరతు లేదు.

జాతీయ సార్వత్రిక పాఠశాల విద్యాసంస్థ ద్వారా ఫిజిక్స్, కెమిస్ట్రీ, బయాలజీ, ఇంగ్లీష్‌తో పన్నెండో తరగతి పూర్తిచేసినవారినీ కౌన్సిల్ అర్హులుగా గుర్తిస్తుంది. అయితే ఇదివరకే ఇంటర్ పాసై, బయాలజీ ఒక్కటే అదనంగా రాయాలనుకునేవారు ఫీజు కట్టే ముందే సంబంధిత విశ్వవిద్యాలయాన్ని రాతపూర్వకంగా సంప్రదించడం మేలు. ఒకేషనల్ కోర్సులు చదివినవారు తమ బ్రిడ్జి కోర్సుకు గుర్తింపు ఉందో లేదో నోటిఫికేషన్‌లో సరిచూసుకోవాలి.

చివరగా చూడవలసినవి

ఆంధ్రప్రదేశ్‌లో డాక్టర్ ఎన్టీఆర్ ఆరోగ్య విశ్వవిద్యాలయం, తెలంగాణలో కాళోజీ నారాయణరావు ఆరోగ్య విశ్వవిద్యాలయం ప్రవేశ ప్రకటనలు జారీ చేస్తాయి. ప్రవేశ విధానంలో మార్పులు జరుగుతుంటాయి కనుక ఆ ఏడాది నోటిఫికేషన్‌నే ప్రామాణికంగా తీసుకోవాలి. ఇతర రాష్ట్రాల్లో చేరాలనుకునేవారు దళారుల మాటలపై ఆధారపడకుండా, ఆ కళాశాలకు నర్సింగ్ కౌన్సిల్, విశ్వవిద్యాలయ గుర్తింపు ఉన్నాయని ముందుగా నిర్ధారించుకోవాలి. గుర్తింపు లేని చోట చదివితే కోర్సు పూర్తయినా నర్సుగా నమోదుకు వీలుండదు. నమోదు లేనిదే నర్సుగా పనిచేసే అర్హత రాదు.