ఎనిమిదో రోజు

యూదుల ఇంట మగబిడ్డకు పేరూ, ఒంటి మీద గుర్తూ ఒకే రోజున వస్తాయి. ఆ గుర్తును కాపాడుకోవడానికి రాజులను ఎదిరించారు, ఆ గుర్తు వల్లే చావు అంచుదాకా వెళ్లారు. వాళ్ల ధర్మశాస్త్రం మాత్రం దానికన్నా పెద్దది ఒకటుందని చెబుతుంది.

ఇంటి నిండా చుట్టాలు. దిండు మీద పడుకోబెట్టిన పసివాణ్ని ఒకరి చేతుల్లోంచి ఒకరు అందుకుంటూ లోపలికి తెస్తారు. అక్కడ ఒక కుర్చీ ఖాళీగా ఉంటుంది. అది ఏలీయా ప్రవక్తది. ప్రతి సున్నతికీ ఆయన వస్తాడని నమ్మకం. బిడ్డను కాసేపు అందులో ఉంచి, తర్వాత తాత ఒళ్లో పెడతారు. సున్నతి చేసే మోహెల్ పని క్షణాల్లో ముగుస్తుంది. ఏడుస్తున్న బిడ్డ పెదాలకు ఒక చుక్క ద్రాక్షారసం తాకిస్తారు. అప్పుడే అందరి ముందూ పేరు చెబుతారు. ఎనిమిదో రోజు శనివారం పడినా, విశ్రాంతి దినమని మామూలుగా వాయిదా వేయరు.

ఈ వేడుకను 'బ్రిత్ మిలా' అంటారు. 'బ్రిత్' అంటే ఒడంబడిక. తెలుగు బైబిలు దాన్నే 'నిబంధన' అంది. అబ్రాహాముకు 99వ ఏట, కొడుకు ఇష్మాయేలుకు 13వ ఏట సున్నతి జరిగిందని ఆదికాండం చెబుతుంది. ఏసుకూ ఎనిమిదో రోజునే జరిగింది. క్రిస్మస్ నుంచి లెక్కపెట్టండి, జనవరి 1 వస్తుంది. మన ఊళ్లలో ముస్లింల ఇళ్లలో జరిగే ఒడుగులకూ మూలపురుషుడు ఆ అబ్రాహామే, వాళ్ల ఇబ్రాహీం.

గుర్తే ప్రాణం మీదికి వచ్చిన వేళ

క్రీ.పూ. 167 ప్రాంతంలో గ్రీకు రాజు ఆంటియోకస్ సున్నతిని నిషేధించాడు. బిడ్డలకు సున్నతి చేయించిన తల్లులను చంపించి, ఆ పసికందులను వాళ్ల మెడలకే వేలాడదీశారని మక్కబీయుల గ్రంథం చెబుతుంది. ఆ అణచివేత మీద లేచిన తిరుగుబాటు విజయాన్నే నేటి హనుక్కా పండుగ గుర్తుచేస్తుంది.

హిట్లర్ కాలంలో ఇదే గుర్తు మగపిల్లల పాలిట మృత్యుభయమైంది. 1925లో జర్మనీలో పుట్టిన యూదు బాలుడు సోలమన్ పెరెల్, 1941లో జర్మన్ సైన్యానికి చిక్కి, తానూ జర్మన్‌నేనని చెప్పి బతికాడు. హిట్లర్ యువదళం బడిలోనే చదివాడు. తోటివాళ్ల ముందు స్నానం చేయాల్సి వస్తే ఏదో వంకతో తప్పుకునేవాడు. పేరు మార్చుకున్నాడు, ఊరు దాచుకున్నాడు. ఒంటిని మాత్రం మార్చుకోలేకపోయాడు.

గుర్తు ఉన్నా అనుమానమే

కొంకణ తీరంలో గానుగ ఆడుకుని బతికిన బెనె ఇజ్రాయెల్ యూదులను ఊరివాళ్లు 'శనివారం తేలీలు' (గానుగవాళ్లు) అనేవారు. శనివారం గానుగ కట్టరు కనుక ఆ పేరు. హీబ్రూ దాదాపు మరచిపోయినా సున్నతిని, శనివార విశ్రాంతిని, ఒక ప్రార్థనను వదల్లేదు. అలాంటివాళ్లు ఇజ్రాయెల్ వెళ్తే, పెళ్లిళ్ల దగ్గర అక్కడి రబ్బీలు, అంటే మతగురువులు, వాళ్ల యూదుత్వాన్ని శంకించారు. నిరసనల తర్వాత 1964లో గానీ పూర్తి గుర్తింపు రాలేదు. 1980లలో ఇథియోపియా నుంచి వచ్చిన యూదు మగవాళ్లకు సున్నతి ముందే అయినా, లాంఛనంగా ఇంకో రక్తపు చుక్క ఇమ్మన్నారు. వాళ్లు 1985లో జెరూసలేంలో ధర్నాకు కూర్చున్నారు. తరతరాలుగా నిలబెట్టుకున్నదాన్ని మళ్లీ రుజువు చేయమనడం అన్యాయం.

ప్రాణమే ముందు

అసలు సంప్రదాయ ధర్మం ప్రకారం యూదు తల్లికి పుట్టినవాడు సున్నతి లేకున్నా యూదుడే. కోత ఒక్కటే ఎవరినీ యూదుణ్ని చేయదు. ఈ ఒడంబడిక మా ఇంట్లో తెగిపోలేదని తల్లిదండ్రులు చెప్పుకునే మాట అది.

పసివాడి ఒంటి మీద కోతకు తల్లిదండ్రులకు హక్కుందా అన్న ప్రశ్న 2012లో జర్మనీని కుదిపింది. ఒక ముస్లిం బాలుడి కేసులో కొలోన్ కోర్టు దాన్ని శరీరానికి చేసిన గాయమంది. ఆ డిసెంబరులోనే పార్లమెంటు చట్టం చేసి, షరతులతో అనుమతించింది. ప్రశ్న న్యాయమైనదే. దానికి దారి చూపే మాట యూదుల తాల్ముద్ గ్రంథంలోనే ఉంది.

సున్నతి చేయించిన ఇద్దరు కొడుకులనూ పోగొట్టుకున్న ఒక తల్లి, మూడోవాణ్ని రబ్బీ నాతాను దగ్గరికి తెచ్చింది. బిడ్డ ఒళ్లు ఎర్రగా ఉండటం చూసి, రక్తం ఒంట్లో ఇంకేదాకా ఆగమన్నాడాయన. ఎనిమిదో రోజు దాటిపోయింది. ఆమె ఆగింది, బిడ్డ బతికాడు. వాడికి నాతాను అనే పేరు పెట్టారు.