స్థూలకాయము: శస్త్రచికిత్సకు అర్హు లెవరు?

భీమ్‌గల్ చెంతనున్న లింబాద్రిగుట్టపై లక్ష్మీనరసింహస్వామి వెలసియున్నాడు. జాతరనాడు గుట్ట నెక్కువారిలో కొందరు ఊపిరి తిరుగక మధ్యలోనే కూలబడుదురు. వారిని చూచి నవ్వువారును, “తిండి తగ్గించుకొనరాదా?” యని సలహా చెప్పువారును కొదవలేదు. ఆ మాట వినువారి బాధ చెప్పువారికి తెలియదు. స్థూలకాయము సోమరితనమునకు పడిన శిక్ష కాదు; వంశము, ఆహారము, వృత్తి, నిద్ర, మనఃస్థితి ఏకమై కలిగించు వ్యాధి. దానికి నేడు శస్త్రచికిత్స కలదు. కాని అది అందరికిని తగినది కాదు. ఎవరికి తగును, ఎవరికి తగదు అను వివేచనలోనే రోగి క్షేమము ఇమిడియున్నది.

నిజామాబాదు సీమ యనగానే పసుపు, చెఱకు జ్ఞప్తికి వచ్చును. బోధనులో 1937లో స్థాపింపబడిన నిజాము చక్కెర కర్మాగారము 2015లో మూతపడినది. చక్కెరవ్యాధి మాత్రము మూతపడలేదు. దోషము చక్కెర యొక్కదానిదే కాదు. నాగలి పట్టిన చేతులు నేడు ట్రాక్టరు చక్రము పట్టినవి. బీడీలు చుట్టు స్త్రీలు చేట ఒడిలో నుంచుకొని ప్రొద్దుగ్రుంకువరకు కూర్చుందురు. వారి వేళ్లకు విశ్రాంతి లేదు. కాళ్లకు పని లేదు.

వైద్యులు మొదట చూచునది ఒక సంఖ్య. బరువును కిలోలలో తీసికొని, మీటర్లలో కొలిచిన ఎత్తుయొక్క వర్గముచే భాగింపవలెను. బెల్జియము దేశీయుడగు క్వెటెలె 19వ శతాబ్దమున కనిపెట్టిన ఈ లెక్కకు 1972లో ఆన్సెల్ కీస్ అను శాస్త్రజ్ఞుడు ‘బాడీ మాస్ ఇండెక్స్’ అను పేరు స్థిరపరచెను. విద్యార్థులు దీనిని తరగతిలోనే కట్టి చూడవచ్చును. అయితే ఈ సంఖ్య క్రొవ్వును నేరుగ కొలువదు. 2004లో పూనా వైద్యుడు యాజ్ఞిక్, లండను వైద్యుడు యుడ్కిన్ తమ దేహములనే ఉదాహరణముగ చూపిరి. ఇరువురి సంఖ్యయు 22.3, కాని యుడ్కిన్ దేహమున క్రొవ్వు నూటికి 9.1 పాళ్లు, యాజ్ఞిక్ దేహమున 21.2 పాళ్లు. సన్నగ కనబడు భారతీయునకు సైతము మధుమేహ మేల వచ్చునో దీనివలన కొంత బోధపడును.

1966లో అమెరికాలోని అయోవా విశ్వవిద్యాలయమున ఎడ్వర్డ్ మేసన్ జీర్ణాశయమును చిన్నది చేసి ప్రేవునకు కలుపు పద్ధతిని ప్రారంభించెను. జీర్ణాశయమున సుమారు నాలుగింట మూడు వంతులను తొలగించి, గొట్టమువలె మిగుల్చు పద్ధతి నేడు విస్తారముగ వాడుకలో నున్నది. 1991లో అమెరికా నిపుణుల సభ, సంఖ్య 40 దాటినవారికిని, తీవ్రవ్యాధులతో 35 దాటినవారికిని ఈ చికిత్స తగునని నిర్ణయించెను. 2022లో అమెరికా శస్త్రవైద్యుల సంఘమును, అంతర్జాతీయ సమాఖ్యయు కలిసి, 35 దాటిన వారందరికిని దీనిని సూచింపవచ్చుననియు, ఆసియావాసులకు 27.5 నుండియే సూచింపవచ్చుననియు ప్రకటించినవి.

అయితే సంఖ్య ద్వారము వంటిది. ద్వారము దాటినంత మాత్రమున కార్యము నెరవేరదు. భీమ్‌గల్ వాసులిద్దరిని ఊహింతము. ఒకామె బీడీ కార్మికురాలు. ఎత్తు 150 సెంటీమీటర్లు, బరువు 81 కిలోలు. ఇంకొకడు గల్ఫునుండి తిరిగివచ్చిన యువకుడు. ఎత్తు 170, బరువు 104. లెక్క కట్టినచో ఇరువురికిని 36 వచ్చును. ఆమె మధుమేహముతోను, మోకాళ్ల నొప్పులతోను బాధపడుచున్నది. వైద్యుని పర్యవేక్షణలో ఆహారనియమమును, మందులను చాలకాలము పాటించియు తగిన గుణము కానలేదు. శస్త్రచికిత్స తరువాత కొద్దికొద్దిగ నమలి తినవలెననియు, విటమినులు, ఇనుము, సున్నపు మాత్రలు జీవితాంతము వాడవలెననియు ఆమె యెరుగును. యువకుడో, పెండ్లిలోపల సన్నబడవలెనని తొందరపడుచున్నాడు. రాత్రులందు మద్యము మానడు. మాత్రల మాట యెత్తినచో నవ్వును.

ఆమె అర్హురాలు. ఇతనిని శాశ్వతముగ త్రోసిపుచ్చరు. “ఇప్పుడు కాదు” అందురు. మద్యవ్యసనమును, మనోవ్యాధిని ముందుగ నయము చేయవలెను. థైరాయిడు మొదలగు గ్రంథుల దోషము స్థూలత్వమునకు కారణమైనచో దానికే మందీయవలెను. ఏడాది, ఏడాదిన్నరలోపల గర్భము ధరింపదలచిన స్త్రీ వేచియుండవలెను. బీడీ, సిగరెట్టు మానవలెను. అవి లోపలి కుట్లను మాననీయక పుండ్లు పుట్టించును. గురకతో నిద్రలో శ్వాస నిలుచువారిని ముందే కనిపెట్టకున్న, మత్తు ఇచ్చువేళ ప్రమాదము కలుగవచ్చును. అందుచేతనే శస్త్రవైద్యుడు, మధుమేహ వైద్యుడు, ఆహారనిపుణుడు, మానసిక వైద్యుడు, మత్తు వైద్యుడు కలిసి నిర్ణయింపవలెను. ఒక్కరి మాటపై పొలమమ్మి ఆసుపత్రికి పరుగెత్తుట తగదు. పొట్టపై క్రొవ్వును పీల్చివేయు సౌందర్యచికిత్స వేరు. అది మధుమేహమును తగ్గించు చికిత్స కాదు.

ఇది ధనవంతులకే పరిమితమైన విద్య యని భ్రమపడరాదు. 2023లో హైదరాబాదు ఉస్మానియా ప్రభుత్వ ఆసుపత్రిలో సుమారు 240 కిలోల బరువుగల యువకునకు వైద్యులు ఈ శస్త్రచికిత్సను జయప్రదముగ చేసిరి. అయినను కత్తి చేయునది సగము పనియే. నియమము తప్పినచో తగ్గిన బరువు మరల పెరుగును. మాత్రలు మానినచో రక్తహీనతయు, నరముల బలహీనతయు దాపురించును.

తుదకు ఉపాధ్యాయులకు ఒక మనవి. తరగతిలో లావుగనున్న బాలుని పేరుపెట్టి పిలువక “బొండము” అని పిలుచు అలవాటు మన బడులలో కలదు. ఆ బాలుడు ఆటస్థలమునకు రాక గదిమూలను వెదకికొనును. కదలిక తగ్గి, బరువు మరింత పెరుగును. ఎదుగు వయసులో శస్త్రచికిత్స మిక్కిలి అరుదైన ఉపాయము. దానికి నియమములు వేరు. ఆటగంట మాత్రము ప్రతి బాలునకును అర్హమైన చికిత్సయే. దానిని లెక్కల పాఠమునకు బలియీయక కాపాడుట మన చేతిలోనే యున్నది. ఆ బాలుడు రేపు లింబాద్రిగుట్ట నెక్కునప్పుడు మధ్యలో కూలబడినను, నవ్వువారు లేక, చేయందించువారు ఉందురు గాక.