షాక్ కొట్టాక పట్టుకునే భయం

ఐసీడీ అమర్చి ఇంటికి పంపేటప్పుడు ఆస్పత్రిలో చాలా జాగ్రత్తలు చెబుతారు. సెల్‌ఫోన్ చొక్కా జేబులో పెట్టుకోవద్దు, ఇండక్షన్ స్టవ్ మీదికి వంగొద్దు, కొన్నాళ్లు పరికరం ఉన్న వైపు చేత్తో బరువులెత్తొద్దు. ఐసీడీ ఒకసారి షాక్ కొట్టాక మర్నాడు స్నానానికి వెళ్లాలన్నా కాళ్లు వణికితే ఏం చేయాలో మాత్రం చాలామందికి ఎవరూ చెప్పరు. చెప్పి తీరాల్సిన సంగతి అది.

ఛాతీ పైభాగంలో చర్మం కింద అమర్చే చిన్న డీఫిబ్రిలేటరే ఐసీడీ. మిషెల్ మిరోవ్‌స్కీ బృందం తయారుచేసిన తొలి పరికరాన్ని 1980 ఫిబ్రవరిలో బాల్టిమోర్‌లోని జాన్స్ హాప్‌కిన్స్ ఆస్పత్రిలో ఒక మహిళకు అమర్చారు. ఇప్పటి ఐసీడీలు ప్రతి గుండె చప్పుడునూ కనిపెట్టి ఉంటాయి. గుండె కింది గదులు అదుపు తప్పి పరుగెడితే, చాలా సందర్భాల్లో ముందు నొప్పి లేని పేసింగ్‌తో దారికి తేవాలని చూస్తాయి. లొంగకపోతే కొన్ని సెకన్లలో ఛార్జ్ అయి 30, 40 జౌళ్ల షాక్ ఇస్తాయి. మెలకువలో ఉండగా కొడితే ఛాతీ మీద ఎవరో ఫెడీమని తన్నినట్టుంటుందని అనుభవించినవారు అంటారు.

ఆ దెబ్బ తగిలినప్పుడు మనిషి మెట్లెక్కుతున్నాడనుకోండి, మెదడు మెట్లకూ షాక్‌కూ ముడి వేసేస్తుంది. ఆ తర్వాత మెట్లు చూస్తేనే దడ. ఆ దడ ఇంకో షాక్‌కు ముందు సూచనేమోనని మళ్లీ భయం. మెట్లు మానేస్తాడు, తర్వాత నడక, తర్వాత పెళ్లిళ్లూ పేరంటాలూ, చివరికి భార్య పక్కన పడుకోవడం కూడా. మానినప్పుడల్లా ప్రాణం కాస్త కుదుటపడుతుంది గనక భయం ఇంకా లోతుగా పాతుకుంటుంది. దీన్ని పిరికితనమనడం అన్యాయం.

పైగా ఈ ఆందోళన మనసుతోనే ఆగకపోవచ్చు. 2001 సెప్టెంబర్ 11 దాడుల తర్వాత న్యూయార్క్ ప్రాంతంలో ఐసీడీ రికార్డులు పరిశీలిస్తే, ఆ నెల రోజుల్లో ప్రమాదకరంగా గుండె లయ తప్పినవారు అంతకుముందు నెలకన్నా రెట్టింపు దాటారు. భయపడితే షాక్ ఖాయమని దీని అర్థం కాదు. కానీ భయానికి చికిత్సను గుండె వైద్యంలో భాగంగా చూడడానికి ఈ ఒక్క ఆధారం చాలు.

మొదటి మందు, కారణం తెలియడం. ఆస్పత్రిలో ఐసీడీని పరీక్షించే డివైస్ చెక్‌లో ఆ క్షణపు గీతలు తెర మీదికొస్తాయి. వరసగా ఉన్న ముళ్లు ఒక్కసారిగా చిక్కబడి గజిబిజి అవడం, షాక్ గుర్తు, ఆ వెంటనే మళ్లీ ఎడం ఎడంగా ముళ్లు. పేషెంటుకు అది చూపించి వివరించాలి. కొన్నిసార్లు పై గదుల దడనో, దెబ్బతిన్న వైరు నుంచి వచ్చే సంకేతాలనో పరికరం పొరబడి షాక్ ఇస్తుంది. అలాంటప్పుడు సెట్టింగులు మార్చొచ్చు, వైరును సరిచేయొచ్చు. తొందరపడి స్పందించకుండా సెట్ చేస్తే అనవసర చికిత్సలు బాగా తగ్గుతాయని 2012లో వచ్చిన మాడిట్-రిట్ పరిశోధన చూపింది. నిద్రలో షాక్ కొట్టిందని ఉలిక్కిపడి లేచినా ఒక్కోసారి రికార్డులో ఏమీ ఉండదు. ఆ మనిషి అబద్ధమాడటం లేదు. అతనికి ఆ దెబ్బ నిజంగానే తెలిసింది.

రెండోది, ముందే రాసిపెట్టుకున్న కాగితం. ఒక్క షాక్ కొట్టి ఒంట్లో బాగానే ఉంటే కూర్చుని, డాక్టరుకు ఫోన్ చేయాలి. ఒకే రోజు రెండోది కొట్టినా, ఒక్కదానికే ఆయాసం, ఛాతీనొప్పి, స్పృహ తప్పడం ఉన్నా 108కి ఫోన్ చేయాలి. డాక్టరు సరేననే దాకా బండి నడపకూడదు. షాక్ సమయంలో పట్టుకున్నవారికి చిన్న జలదరింపు తెలియొచ్చు, అంతకుమించి హాని లేదు. ఈ మాట ఇంట్లో పిల్లలకు కూడా చెప్పాలి.

ఆ తర్వాత, డాక్టరు అనుమతితో, మానేసినవి కొద్దికొద్దిగా మొదలుపెట్టడం. ఈ రోజు నాలుగు మెట్లు, రేపూ అవే నాలుగు, దడ తనంతట తాను తగ్గేదాకా అక్కడే నిలబడటం. కాగ్నిటివ్ బిహేవియర్ థెరపీలో చేయించేది చాలావరకు ఇదే. షాక్ తర్వాత మళ్లీ మైదానంలోకి దిగినవారూ ఉన్నారు. డచ్ ఫుట్‌బాల్ ఆటగాడు డేలీ బ్లిండ్ 2020 ఆగస్టులో మ్యాచ్ మధ్యలో ఐసీడీ పనిచేయడంతో కూలబడ్డాడు. మరుసటి ఏడాది, మాజీ సహచరుడు ఎరిక్సన్ మైదానంలో గుండె ఆగి పడిపోయిన మర్నాడే బ్లిండ్ ఆడాల్సి వచ్చింది. ఆడాడు, బయటికి వస్తూ కన్నీళ్లు పెట్టుకున్నాడు. 2022 ప్రపంచకప్‌లో అమెరికా మీద గోల్ కొట్టాడు.

నిద్ర పట్టకపోయినా, గడప దాటలేకపోయినా డివైస్ చెక్‌కు వెళ్లినప్పుడు ఆ మాట నోరు తెరిచి చెప్పండి. టెలీ మానస్ నంబరు 14416కి ఫోన్ చేస్తే తెలుగులోనే మాట్లాడతారు.