చలికాలమున వాడిన తులసి

కార్తిక శుద్ధ ద్వాదశినాడు ఉసిరికొమ్మను తోడుగా నాటి, దీపములు వెలిగించి పెండ్లి చేసిన తులసి, పుష్యమాసము వచ్చుసరికి ఆకులు రాల్చి పుల్లలుగా మిగులుట మదనపల్లె, పెద్దతిప్పసముద్రం సీమలలో అరుదు కాదు. (పేరు చూచి విద్యార్థులు భ్రమపడరాదు, రాయలసీమలో సముద్రమన్నను పెద్ద చెరువే.) తులసి ఎండిన ఇంట కీడు శంకింతురు. ఆ నింద తరచుగా కొత్తకోడలిమీద పడును. అంటు తగిలినదనియో మైల సోకినదనియో పెద్దలు కారణములు వెదకుదురే కాని, కోటలోని మట్టిలో వేలు పెట్టి చూచువారు అరుదు.

మదనపల్లె సముద్రమట్టమునకు ఇంచుమించు 700 మీటర్ల ఎత్తున నున్నది. ఇచ్చటి చల్లని పొడిగాలిని మెచ్చియే గత శతాబ్దపు రెండవ దశకమున క్షయరోగులకై ఆరోగ్యవరమును నెలకొల్పిరి. రోగులకు హితమైన ఆ గాలి తులసికి హితము కాదు. అది వేడిదేశపు మొక్క. రాత్రి ఉష్ణోగ్రత 10 డిగ్రీల దరికి దిగినచో దాని పెరుగుదల దాదాపు నిలిచిపోవును; వేళ్లు నీటిని పీల్చుట తగ్గును. అయినను ఉదయమొక చెంబు, సాయంకాలమొక చెంబు పోయుట మనము మానము. తడి ఆరని మట్టిలో గాలి యాడక వేళ్లు కుళ్లును. కుళ్లిన వేరు నీరు పీల్చలేదు గనుక ఆకు వాడును. వాడిన ఆకును చూచి, దాహమునకే వాడినదనుకొని ఇల్లాలు మరియొక చెంబు పోయును! పూర్వపు మట్టికోట చెమ్మను తానే పీల్చి విడిచెడిది. ఇప్పటి సిమెంటు కోటలలో కొన్నింటికి అడుగున నీరు పోవు రంధ్రమైనను ఉండదు.

ముందుగా మొక్క బ్రతికియున్నదో లేదో తెలిసికొనవలెను. కొమ్మపై బెరడును గోటితో కొంచెము గీచినచో లోపల పచ్చగా కనబడెనా, ప్రాణమున్నట్లే. ఉపాధ్యాయులు ఈ పరీక్షను బడిపిల్లలచేతనే చేయింపవచ్చును. పిమ్మట ఎండిన కొనలను పచ్చదనము కనబడువరకు కత్తిరింపవలెను. మంజరులను, అనగా పల్లెలలో వెన్నులనువానిని, తీసివేయవలెను. విత్తులు కట్టుటలోనే మొక్క సత్తువ చాల వ్యయమగును. మంజరులు విష్ణుపూజకు శ్రేష్ఠములందురు గనుక వానిని కోయుటకు ఎవరికిని అభ్యంతరముండదు.

నీటి సంగతియే కష్టమైనది. మట్టి వ్రేలికణుపు లోతువరకు ఆరినపిమ్మటనే, ఎండ కాయు వేళ పోయవలెను. నిత్యపూజ మానలేని వృద్ధురాలికి ఉద్ధరిణెడు నీరు చాలును. మిగిలిన చెంబును పెరటి అరటికి పోసిన దేవుడు కోపించునని నేననుకొనను. కుండీలోని తులసినైతే పగలు ఎండకును రాత్రి వసారాలోనికిని మార్చవచ్చును. కదలింపరాని కోటపై రాత్రిపూట పలుచని పాతబట్ట కప్పి తెల్లవారి తీయవలెను. దీపమును జానెడు దూరమున నుంచుట మేలు. సెగకు మాడిన ఆకులనుకూడ చలిమీదనే త్రోయుచుందురు. ఎరువు ఇప్పుడు వలదు.

రథసప్తమి దాటి ఎండ ముదురుకొలది కణుపులవద్ద చిగురు పొడసూపును. అప్పుడు పిడికెడు మాగిన పశువుల ఎరువు వేయవచ్చును. అప్పటికిని చిగురింపనిచో మొక్క వయసు లెక్కింపుడు. తులసి కొన్ని ఏండ్లే బ్రతుకును. దాచిన వెన్నులను నలిపి విత్తులను మట్టిపై పలుచగా చల్లి, నీరు చిలుకరించుచుండినచో, వేడి దినములలో రెండు వారములలోపలనే మొలకలు కనబడును.