కోరలు తీసే న్యాయం

పాములాడించేవాళ్ళు పామును చంపేవారు కాదు. కోరలు తీసి బుట్టలో పెట్టేవారు. చూసేవాళ్ళకు భయం తీరేది, ఆడించేవాడికి నాలుగు డబ్బులు దొరికేవి. కోరలు పోయిన పాము ఆ తరవాత ఎన్నాళ్ళు బతికిందని మాత్రం ఎవరూ అడిగేవారు కాదు. మంత్రశక్తుల కథలు చదివేటప్పుడు మనం చాలాసార్లు ఆ చూసేవాళ్ళ వరసలోనే కూర్చుంటాం.

మన పాత కథల్లో మాంత్రికుడికి పట్టే గతి ఒక్కటే, చావు. బాలనాగమ్మ కథలో మాయల ఫకీరు ప్రాణం సముద్రాల అవతల చిలకలో ఉంటుంది. బాలవర్ధిరాజు ఆ చిలకను పట్టుకుంటాడు. చిలక చస్తుంది, ఫకీరు చస్తాడు, కథ కంచికి పోతుంది. ఇరవయ్యో శతాబ్దపు ఇంగ్లీషు ఫాంటసీ దీనికి మరో దారి కూడా చూపింది. మాంత్రికుణ్ణి చంపనక్కర లేదు, అతనిలోని శక్తిని ఊడదీస్తే చాలు. అతను బతికే ఉంటాడు, లోకానికి ప్రమాదం తప్పుతుంది, నాయకుడి చేతికి నెత్తురు అంటదు. పాఠకుడు తేలిగ్గా ఊపిరి పీల్చుకుంటాడు. అలా ఊపిరి పీల్చుకునే ముందు, జరిగింది న్యాయమేనా అని విచారించడం ఈ వ్యాసం ఉద్దేశం.

ఇది పిల్లల కథల గొడవ, సాహిత్య విమర్శకు దీనితో ఏం పని అనేవాళ్ళు ఉంటారు. కొడవటిగంటి కుటుంబరావు అంతటి వాస్తవవాది 1952 నుంచి 1980లో చనిపోయేదాకా 'చందమామ'ను తీర్చిదిద్దారు. ఆ పత్రికలోనే దాసరి సుబ్రహ్మణ్యం సీరియళ్ళలోని మాంత్రికులు పిల్లల్ని భయపెట్టారు, ఆనందపెట్టారు. మంత్రాలు లేవని తెలిసినవాళ్ళే మంత్రాల కథల విలువ గుర్తించారు. వాస్తవిక నవలలో అధికారం భూమిగా, డబ్బుగా, కులంగా, కాగితాలుగా చెదిరి ఉంటుంది. ఫాంటసీలో అది ఒక మనిషి వేళ్ళ కొసల్లో ఉంటుంది. కనుక దాన్ని ఎవరు తీసేస్తున్నారు, ఏ హక్కుతో తీసేస్తున్నారు అనే ప్రశ్న అక్కడ సూటిగా ఎదురవుతుంది.

నిజానికి ఈ ప్రశ్న మనకు కొత్తది కాదు. భారతంలో రెండు ఘట్టాలున్నాయి. ద్రోణుడు ఏకలవ్యుడి కుడిచేతి బొటనవేలు అడిగాడు. ఏకలవ్యుడు చేసిన నేరం ఏమిటి? మొరిగిన కుక్క నోట్లో ఏడు బాణాలు కొట్టాడు. కుక్క చావను కూడా లేదు. ఆ బాణాలు చూసిన అర్జునుడు, నిన్ను మించిన శిష్యుడు నాకు ఉండడన్న గురువు మాటను గురువుకే గుర్తు చేశాడు. వేలు తెగింది. అశ్వత్థామ సంగతి వేరు. అతను నిద్రలో ఉన్న ఉపపాండవుల్ని చంపాడు. ఉత్తర కడుపులోని పిండం మీదికి అస్త్రాన్ని మళ్ళించాడు. పుట్టుకతో వచ్చిన శిరోమణిని అతని దగ్గరనుంచి తీసుకున్నారు, ప్రాణం మాత్రం తీయలేదు.

రెండూ శక్తిని ఊడదీయడమే. ఒకటి అన్యాయమనీ, రెండోది శిక్ష అనీ మనకు వెంటనే తోస్తుంది. ఎందుకు తోస్తుందో విడమరిచి చెప్పుకోవాలి. ఏకలవ్యుడు ఎవరికీ కీడు చెయ్యలేదు. చెయ్యగలడన్నదే అతని మీద నేరం. అశ్వత్థామ చేశాడు. అంతేకాదు, ఏకలవ్యుడి విషయంలో తీర్పు చెప్పినవాడూ, తీర్పువల్ల లాభపడినవాడూ ఒకే పక్షంలో ఉన్నారు. నిషాదుడి చేతిలో విలువిద్య ఉండడం రాజకుమారుల ఆధిక్యానికి ప్రమాదం, లోకానికి కాదు. ఇక అశ్వత్థామ ఘట్టంలోనూ దాటిపోకూడని విషయం ఒకటుంది. ఆ మణి నాశనం కాలేదు. ద్రౌపది కోరిక మీద ధర్మరాజు తలమీదికి చేరింది. ఊడదీసిన శక్తి తరచు ఎవరో ఒకరి బలం కింద జమ అవుతుంది. ఆ జమను పాఠకుడికి చూపించడం రచయిత బాధ్యత. భారతం చూపించింది.

ఇంగ్లీషు ఫాంటసీలో ఈ శిక్షకు బాగా పేరుపడ్డ ఉదాహరణ టోల్కీన్ 'లార్డ్ ఆఫ్ ది రింగ్స్'లో ఉంది. 1954లో వచ్చిన రెండో సంపుటంలో మాంత్రికుడు సరుమాన్ యుద్ధంలో ఓడి తన గోపురంలో చిక్కుకుంటాడు. అడవులు నరికించాడు, పొరుగు రాజ్యం మీదికి సైన్యాన్ని పంపాడు. కనుక నేరం రుజువు కావలసిన పని లేదు. అయినా గాండాల్ఫ్ ముందు అవకాశం ఇస్తాడు. గోపురం తాళంచెవి, చేతికర్ర అప్పగిస్తే స్వేచ్ఛగా పోవచ్చు. తరవాత నడవడి చూసి అవి తిరిగి ఇవ్వవచ్చు. సరుమాన్ ఒప్పుకోడు. అప్పుడు గాండాల్ఫ్ అతణ్ణి మాంత్రిక వర్గం నుంచి బహిష్కరిస్తాడు, కర్ర విరిగిపోతుంది. ఇక్కడ పోయింది ఎక్కువగా పదవి, ఆ పదవితో వచ్చిన అధికారం. న్యాయంగానే ఉందనిపిస్తుంది. కాని తరవాత అతని బాధ్యత ఎవరిది? ఎవరిదీ కాదు. గొంతులోని మాయ మిగిలే ఉంది. అతణ్ణి వదిలిపెట్టారు. 1955లో వచ్చిన చివరి సంపుటంలో అతను చిన్నవాళ్ళ దేశమైన షైర్‌కు చేరి, అక్కడి చెట్లు కొట్టించి, జనాన్ని పీడిస్తాడు. పెద్దల సభలో వేసిన శిక్షకు బాకీ తీర్చింది ఆ సభలో లేని రైతులు.

ఈ ప్రశ్నను లోతుగా తవ్విన రచన రాబర్ట్ జోర్డాన్ 'వీల్ ఆఫ్ టైమ్'. వియత్నాంలో అమెరికా సైన్యంలో పనిచేసి వచ్చిన ఈ రచయిత 1990లో మొదలుపెట్టిన నవలామాల పద్నాలుగు సంపుటాలు. జోర్డాన్ 2007లో చనిపోగా చివరి మూడింటిని బ్రాండన్ శాండర్సన్ 2013 నాటికి పూర్తి చేశాడు. అందులో మంత్రశక్తికి రెండు పాయలున్నాయి, ఆడపాయ, మగపాయ. మూడు వేల ఏళ్ళ కిందట దుష్టశక్తి మగపాయను కలుషితం చేసింది. అప్పట్నించి ఆ శక్తి పుట్టిన మగవాడు ఎవడైనా చివరికి పిచ్చివాడై, తన వాళ్ళనే చంపే స్థితికి వస్తాడు. ప్రమాదం కల్పన కాదు, ఆ లోకంలో అది కళ్ళెదుటి సత్యం. శక్తిగల స్త్రీల సంస్థ శ్వేతగోపురం అలాంటి మగవాళ్ళను పట్టి తెచ్చి, విచారించి, శక్తిని శాశ్వతంగా తెగ్గొడుతుంది. ఆ పనికి వాళ్ళు పెట్టుకున్న పేరు 'జెంట్లింగ్'. పొగరు గుర్రాన్ని మచ్చిక చెయ్యడానికి వాడే మాట అది. ఎంత మెత్తని మాట! మచ్చిక అయిన మనిషికి బతకాలన్న కోరిక చచ్చిపోతుంది. ఎక్కువమంది కొద్దికాలంలోనే పోతారు. అంటే ఇది నిదానంగా అమలయ్యే మరణశిక్ష. శిక్ష వేసినవాళ్ళు చావును చూడనక్కర లేదు, అంతే తేడా.

జోర్డాన్ అక్కడితో ఆగలేదు. ఈ ఏర్పాటు లోపల్లోపల ఎలా కుళ్ళుతుందో చూపాడు. చట్టం ప్రకారం విచారణ ఉండాలి. కాని ఈ వేటకే అంకితమైన ఎర్రశాఖ వాళ్ళు కొంతకాలం విచారణ లేకుండా, దొరికినవాణ్ణి దొరికిన చోటే తెగ్గొట్టారు. కథలోని గాయకుడు థామ్ మేనల్లుడు ఓవిన్ అలా బలైనవాడే. తన శక్తిని ఊరికి సాయం చెయ్యడానికి తప్ప వాడుకోనివాడు. అతను పోయాడు, వెనకే భార్యా పోయింది. 1992 నాటి నాలుగో సంపుటంలో ఈ కత్తి ఇంకోవైపు తిరుగుతుంది. శ్వేతగోపురానికి అధినేత్రి అయిన సువాన్‌ను ప్రత్యర్థి ఎలైడా వర్గం కూలదోసి, ఆమె శక్తినే తెగ్గొడుతుంది. ఆమె పిచ్చిది కాదు, ఎవరినీ చంపలేదు. రాజకీయంగా ఓడింది. ప్రమాదకరమైన మగవాళ్ళ కోసమని నేర్చుకున్న పద్ధతులు సొంత ఇంట్లో ఎదురు పక్షం మీదికి వచ్చాయి. అపాయకారులకోసమని తయారైన అధికారం వాళ్ళ దగ్గరే ఆగిపోతుందనుకోవడం చరిత్ర తెలియనివాళ్ళ అమాయకత్వం.

తరవాత రెండు మలుపులు. తెగిన శక్తిని అతికించడం అసాధ్యమని గోపురం తరతరాలుగా నమ్మింది. 1994 నాటి ఆరో సంపుటంలో నైనీవ్ అనే యువతి, మచ్చిక అయిపోయిన లోగెయిన్‌కు శక్తిని తిరిగి తెప్పిస్తుంది. అసాధ్యం అన్నమాటకు అర్థం ఎవరూ గట్టిగా ప్రయత్నించలేదని. 2000లో వచ్చిన తొమ్మిదో సంపుటంలో కథానాయకుడు రాండ్, నైనీవ్ సాయంతో మగపాయలోని కల్మషాన్నే కడిగేస్తాడు. మూడు వేల ఏళ్ళు మనుషుల్ని తెగ్గొట్టారు. రోగం మనుషుల్లో లేదు, వాళ్ళు తాగే నీళ్ళలో ఉంది. నీళ్ళు శుభ్రం చెయ్యడం కన్న మనుషుల్ని కోసెయ్యడం సులువు గనక, ఆ సులువైన పనికే సంస్థలు, చట్టాలు, సంప్రదాయాలు పుట్టాయి. నా దృష్టిలో ఆ నవలామాల చెప్పిన గొప్ప విషయం ఇదే.

అయితే ఇక్కడ గట్టి అభ్యంతరం ఒకటి వస్తుంది. "కల్మషం కడిగే రోజు వచ్చేదాకా ఆ పిచ్చివాళ్ళ చేతుల్లో చచ్చేవాళ్ళ గతేమిటి?" దీన్ని తోసిపుచ్చడానికి వీల్లేదు. చూపుతో ఊరిని తగలబెట్టగలవాణ్ణి ఊరు అడ్డుకోవాలి, నిరాయుధుణ్ణి చెయ్యాలి. ఆ హక్కు ఊరికి ఉంది. కాని అడ్డుకోవడం వేరు, మనిషిలో భాగాన్ని శాశ్వతంగా తీసెయ్యడం వేరు. మొదటిది తప్పయితే దిద్దుకోవచ్చు. రెండోది తప్పయితే దిద్దుకునే దారే ఉండదు. దిద్దుకోలేని శిక్షకు కావలసిన రుజువు కూడా అంత గట్టిగా ఉండాలి. పుట్టుక రుజువు కాదు. భయం రుజువు కాదు.

ఇంతవరకు మంత్రం నిజమైన లోకాల మాట. మంత్రం లేని మన లోకంలో కూడా ఈ శిక్ష అమలయింది. తెలంగాణ పల్లెల్లో బాణామతి, చేతబడి చేస్తున్నారన్న అనుమానంతో మనుషుల్ని కట్టేసి కొట్టి, పళ్ళు ఊడగొట్టిన సంఘటనలు 1980లలోనూ, ఆ తరవాతా పత్రికలకెక్కాయి. దాని వెనక తర్కం ఏమిటంటే, పళ్ళు లేనివాడికి మంత్రం స్పష్టంగా పలకదు, పలకని మంత్రం పారదు. శక్తిని ఊడదీయడమంటే అక్కడ అక్షరాలా పళ్ళు ఊడదీయడం. చంపలేదు గదా అని ఊరు తన దయకు తానే మురుసుకోవచ్చు. ఆ శిక్ష పడ్డవాళ్ళలో దిక్కులేని ముసలివాళ్ళు, వితంతువులు, దళితులు, పొలం తగాదాలున్న పేదవాళ్ళు ఉన్నారు. ఊరిపెద్ద మీద చేతబడి అనుమానం వచ్చినా, ఆయన పళ్ళ జోలికి పోయే ధైర్యం ఎవరికుంటుంది? మంత్రగత్తె ముద్రకు వ్యతిరేకంగా బీహార్ 1999లో, జార్ఖండ్ 2001లో చట్టాలు చేశాయి. ఇలాంటి మూఢాచారాలమీద పోరాడిన నరేంద్ర దభోల్కర్‌ను 2013 ఆగస్టులో పుణేలో కాల్చి చంపిన తరవాత గాని మహారాష్ట్రలో చట్టం రాలేదు.

"కథలో మాంత్రికుడి శక్తి నిజం, ఊళ్ళో ముసలిదాని శక్తి అబద్ధం. రెండింటినీ ఒకే గాటన కట్టడం ఏం న్యాయం?" అని అడగవచ్చు. ఫాంటసీలు చదివి ఎవరో ఎవరి పళ్ళో పీకుతున్నారని నేను అనడం లేదు. నా మాట వేరు. కథలో ప్రమాదం నిజమని హామీ ఇచ్చేవాడు రచయిత. పాఠకుడికి అనుమానం రానివ్వడు. ఊళ్ళో గుంపుకు ఉండేది కూడా సరిగ్గా అలాంటి హామీయే. బిడ్డకు జబ్బు చేసింది, ఆమె కిందటి వారం గుమ్మంలోకి తొంగి చూసింది, ఇంకేం కావాలి? ఏ అనుమానమూ లేని మనసుతో శిక్షించడంలోని సుఖాన్ని మనకు అలవాటు చేసే రచన, తన కథలోని దుర్మార్గుడు నిజంగా దుర్మార్గుడే అయినా, పాఠకుడికి మేలు చెయ్యదు.

కనుక ఇలాంటి ఘట్టం రాసేవాళ్ళు, విమర్శించేవాళ్ళు కొన్ని ప్రశ్నలు వేసుకోవాలి. శిక్ష చేసిన పనికా, పుట్టిన పుట్టుకకా? తీర్పు చెప్పేవాళ్ళకు ఆ తీర్పులో లాభం ఉందా? పొరపాటని తేలితే తిరిగి ఇవ్వడానికి దారి ఉంచారా? ప్రమాదానికి మూలం ఎక్కడుందో ఎవరైనా వెతికారా? తీసేసిన శక్తి చివరికి ఎవరి తలమీద మణి అయింది? ఈ ప్రశ్నలకు కథ మంచి జవాబులే చెప్పాలని లేదు. ద్రోణుడి కథ చెడ్డ జవాబే చెప్పింది. అయినా ఏకలవ్యుడి తెగిన వేలు దాచకుండా చూపింది గనకనే, ఆ వేలు పట్టుకుని ఇవాళ్టికీ మన కవులు నిలదీస్తున్నారు.

అన్నిటికన్నా చిన్న ప్రశ్న ఇంకొకటి ఉంది. శక్తి పోయిన మనిషి మర్నాడు పొద్దున లేచి ఏం చేశాడు? కథలు సాధారణంగా ముందురోజు సాయంత్రమే అయిపోతాయి. జోర్డాన్ తన గొప్పతనమంతా లోగెయిన్ మర్నాటి పొద్దును, సువాన్ మర్నాటి పొద్దును రాయడంలో చూపించాడు. మన భాషలో మంత్రాల కథ రాయబోయే రచయిత కూడా ఆ పొద్దుదాకా మేలుకోవాలి. పళ్ళు ఊడిన నోటితో గడపలో కూర్చుని, గంజి కూడా సరిగా మింగలేకపోతున్న ముసలామె ఎదురుగా కాసేపు కూర్చుని, అప్పుడు రాయాలి ఆమెకు జరిగింది న్యాయమో కాదో.