పింగాణీ మీద కనపడని గీత

తమ్ముళ్లూ! కంచం మారిపోకుండా దాని మీద కంపాస్ ముల్లుతో పేరు గీసుకోని వాడు మన హాస్టల్లో ఉన్నాడా? హైదరాబాదు సాలార్‌జంగ్ మ్యూజియంలో చైనా పింగాణీ చూస్తుంటే నాకు ఆ కంచమే గుర్తొచ్చింది.

మూడో సాలార్‌జంగ్ (1889–1949) ఇలాంటివి జీవితమంతా సేకరించాడు. 1951లో అవి మ్యూజియం అయ్యాయి. వీటిలో లేత ఆకుపచ్చ సెలడాన్ పాత్రలున్నాయి. సెలడాన్ మీద పువ్వులు చెక్కాలంటే, మట్టి పూర్తిగా ఆరకముందే చెక్కి, గాజుపూత పూసి కాలుస్తారు. గీతలో పూత మందంగా నిలిచి రంగు ముదురుతుంది. చైనాలో యోంగ్‌లె చక్రవర్తి కాలంలో (1403–1424) జింగ్‌దెజెన్ బట్టీల్లో చేసిన తెల్ల గిన్నెలు ఇంకా చిత్రం. వాటి మీది చెక్కుడు మామూలుగా కనపడదు, వెలుతురుకెత్తి చూడాలి. దాన్ని ‘అన్‌హువా’ అంటారు, అంటే రహస్య అలంకరణ.

సేకరించేవాళ్లు అడుగునున్న రాజముద్ర ఒక్కటే చూసి నమ్మరు. తర్వాతి కాలంవాళ్లు కూడా పాత రాజుల పేర్లు వేశారు మరి. పూత కింది గీత నున్నగా ఉంటుంది. కాల్చాక గీసిందైతే అంచు గోటికి తగులుతుంది. షాజహాన్ తన చైనా పళ్లేల మీద పేరు చెక్కించింది ఈ రెండో పద్ధతిలోనే. పాదుషాకీ కంచం మారిపోతుందని భయమేమో!

నా కంచంలో ఇప్పుడు అమ్మ తింటోంది. అమ్మకి చదువు రాదు. గిన్నెల్లోంచి దాన్ని వేలితో తడిమి తీస్తుంది.